డయాలిసిస్ క్యాథెటర్ సంరక్షణ: మూత తెరిచే కొద్ది నిమిషాలే కీలకం

హీమోడయాలిసిస్ యంత్రం సరిగా పనిచేయాలంటే దానికి నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం ఎడతెగకుండా అందాలి. నాలుగు గంటల డయాలిసిస్‌లో ఆ లెక్కన 72 లీటర్లు అవుతుంది. పెద్దవారి ఒంట్లో ఉండే దాదాపు ఐదు లీటర్ల రక్తమే పద్నాలుగు సార్లు యంత్రంలోకి వెళ్లి శుభ్రపడి తిరిగి వస్తుందన్నమాట. సెలైన్ ఎక్కించడానికి వాడే చేతి సిర అంత ప్రవాహాన్ని ఇవ్వలేదు. అందుకే చేతిలోని ధమనిని, సిరను శస్త్రచికిత్సతో కలిపి ఫిస్టులా చేస్తారు. సిరలు సన్నగా ఉన్నవారికి కృత్రిమ గొట్టంతో గ్రాఫ్ట్ వేస్తారు. ఈ రెండూ సిద్ధంగా లేనప్పుడు మెడలోని పెద్ద సిర గుండా గుండె దాకా వెళ్లే సెంట్రల్ వీనస్ క్యాథెటరే దిక్కు. ఫిస్టులా పక్వానికి రావడానికి నెలన్నర మొదలుకొని కొన్ని నెలలు పడుతుంది, క్యాథెటర్‌ను మాత్రం వేసిన రోజే వాడుకోవచ్చు. కిడ్నీలు హఠాత్తుగా చేతులెత్తేసి, పొటాషియం ప్రమాదస్థాయికి పెరిగి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిన రోగి ప్రాణం నిలబెట్టేది ఆ వెసులుబాటే.

అయితే డయాలిసిస్ రోగుల్లో రక్తంలో ఇన్ఫెక్షన్ ముప్పు క్యాథెటర్ ఉన్నవారికే అందరికంటే ఎక్కువ. ఫిస్టులా ఉన్నవారికి సూది తీసిన కొద్దిసేపటికే చర్మం మూసుకుపోతుంది. క్యాథెటర్ ఉన్నవారికి మాత్రం బయటి గాలికి, గుండె కుడి గదికి మధ్య అడ్డు ఒక చిన్న ప్లాస్టిక్ మూత, గొట్టాన్ని నొక్కి మూసే ఒక క్లాంప్ మాత్రమే. ఈ సాధనం చేసే హాని ఎక్కడ మొదలవుతుందని వెతికితే జవాబులు ప్రధానంగా రెండే దొరుకుతాయి: ఆ మూతలు తెరిచి మూసే కొద్ది నిమిషాల్లో జరిగే అశ్రద్ధ, అవసరం తీరాక కూడా క్యాథెటర్‌ను ఒంట్లోనే ఉంచేయడం. ఇంట్లో పాటించాల్సిన జాగ్రత్తల గురించి అందరూ చెబుతారు కానీ ఈ రెండింటి గురించి రోగికి చెప్పేవారు తక్కువ.

క్యాథెటర్లలో రెండు రకాలున్నాయి. మొదటిది తాత్కాలికం, మెడ దగ్గరో తొడ మొదట్లోనో చర్మం నుంచి నేరుగా సిరలోకి దిగుతుంది, దాన్ని పట్టి ఉంచేవి కుట్లే. రెండవది చర్మం కింద కొంత దూరం సొరంగంలా సాగి, ఆ తర్వాత సిరలోకి ప్రవేశిస్తుంది. డయాలిసిస్ యూనిట్లలో దీన్ని పర్మ్‌క్యాథ్ అంటుంటారు. సొరంగం లోపల దీనికి చుట్టూ పాలియెస్టర్ నూలు పట్టీ ఒకటి ఉంటుంది, దాన్నే కఫ్ అంటారు. కొన్ని వారాల్లో ఒంటి కణజాలం ఆ పట్టీలోకి అల్లుకుపోయి క్యాథెటర్‌ను కదలకుండా పట్టేస్తుంది, చర్మం మీది సూక్ష్మజీవులు గొట్టం వెంబడి లోపలికి పాకకుండా అడ్డుపడుతుంది. కణజాలం అల్లుకునే దాకా పర్మ్‌క్యాథ్‌కూ కుట్లే ఆధారం కాబట్టి తొలి వారాల్లో అది లాగబడకుండా చూసుకోవడం చాలా ముఖ్యం. తాత్కాలిక క్యాథెటర్‌కు ఈ రక్షణ ఏనాడూ ఉండదు. అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2019లో సవరించిన మార్గదర్శకాలు తాత్కాలిక క్యాథెటర్‌ను రెండు వారాలకు మించి ఉంచవద్దన్నది అందుకే. డయాలిసిస్ ఇంకా కొనసాగాల్సి వస్తుందని తెలిసిన రోజునే పర్మ్‌క్యాథ్‌కు మార్చడం గురించి మాట్లాడుకోవాలి, గొట్టం చర్మంలోంచి బయటకు వచ్చే చోటు ఎర్రబడే దాకా ఆగకూడదు.

ఏ సిరలో వేస్తారన్నది కూడా చిన్న విషయం కాదు. మెడ కుడివైపున ఉండే అంతర్గత జుగులర్ సిర నుంచి గుండెకు దాదాపు తిన్నని దారి ఉంటుంది కనుక సాధారణంగా దానికే మొదటి ప్రాధాన్యం. అల్ట్రాసౌండ్‌లో సిరను చూస్తూ సూది దింపితే పక్కనున్న ధమనికి గుచ్చుకునే ప్రమాదం బాగా తగ్గుతుంది. వేశాక క్యాథెటర్ కొస ఎక్కడుందో, ఊపిరితిత్తికి గాయమైందేమో ఎక్స్‌రేలో చూసుకుంటారు. తొడ సిరలో వేసినది మంచం మీదే ఉన్న రోగికి కొద్ది రోజులకు పనికొస్తుంది. కాలర్ ఎముక కింద ఉండే సబ్‌క్లేవియన్ సిరను మాత్రం వీలైనంత వరకు తాకకపోవడమే మంచిది. అక్కడ గొట్టం రాసుకుని సిర గోడ మందమై లోపల ఇరుకైపోతే, ఆ వైపు చేతిలో భవిష్యత్తులో ఫిస్టులా చేసినా రక్తం తిరిగి గుండెకు చేరే దారి మూసుకుపోయి చెయ్యంతా వాచిపోతుంది. ఇవాళ తీసుకున్న తొందరపాటు నిర్ణయం ఏళ్ల తర్వాత ఒక చేతిని డయాలిసిస్‌కు పనికిరాకుండా చేస్తుందన్నమాట.

సూక్ష్మజీవులు లోపలికి చేరడానికి రెండు దార్లున్నాయి. ఒకటి క్యాథెటర్ చర్మంలోంచి బయటకు వచ్చే చోటు, అంటే ఎగ్జిట్ సైట్. అక్కడి చర్మం మీది క్రిములు గొట్టం బయటి అంచు వెంట లోపలికి పోతాయి. రెండోది గొట్టం లోపలి దారి; మూత తీసినప్పుడు చేతుల నుంచో, నోటి తుంపర్ల నుంచో, సరిగా తుడవని చివరల నుంచో చేరిన క్రిములు నేరుగా రక్తంలోకి దిగుతాయి. వీటిలో స్టాఫిలోకాకస్ ఆరియస్ అనేది మరీ మొండిది. ఆరోగ్యవంతుల ముక్కులోనూ చర్మం మీదా నిశ్శబ్దంగా బతికే ఈ బ్యాక్టీరియా రక్తంలోకి చేరిందంటే గుండె కవాటాలకు, వెన్నుపూసలకు, కీళ్లకు అంటుకుంటుంది. పైగా గొట్టం లోపలి గోడకు అంటుకున్న బ్యాక్టీరియా తన చుట్టూ జిగట పొరను, అంటే బయోఫిల్మ్‌ను అల్లుకుంటుంది. ఆ పొర కింద ఉన్న క్రిములకు మామూలు మోతాదు యాంటీబయాటిక్ చాలదు. మందు వాడినన్నాళ్లు తగ్గిన జ్వరం మానేయగానే తిరగబెట్టడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇక మూతలు తెరిచే ఘట్టానికి వద్దాం. సరిగా జరిగితే అది ఇలా ఉంటుంది. రోగి మాస్క్ పెట్టుకుని ముఖాన్ని క్యాథెటర్‌కు రెండోవైపు తిప్పుకుంటారు, సిబ్బంది కూడా మాస్క్ వేసుకుంటారు. సిబ్బంది చేతులు శుభ్రం చేసుకుని కొత్త గ్లవ్స్ తొడుక్కుంటారు. పక్క మంచం రోగి యంత్రం అలారం ఆపి వచ్చిన గ్లవ్స్‌తోనే ఇక్కడ చెయ్యి పెట్టడం ఎంతమాత్రం సరికాదు. క్యాథెటర్ కింద శుభ్రమైన గుడ్డ పరుస్తారు. రెండు క్లాంపులూ మూసి ఉన్నాయని చూసుకున్నాకే మూత తీస్తారు. మూత తీశాక బయటపడిన చివరను, దాని మర అంచులతో సహా, క్రిమినాశక ప్యాడ్‌తో కనీసం 10 నుంచి 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనిస్తారు. ఒక్కసారి అటూ ఇటూ తుడిచి వదిలేయడాన్ని శుభ్రం చేయడం అనరు. శుభ్రపరిచిన చివర ఆ తర్వాత దేనికీ తగలకుండా నేరుగా సిరంజికో రక్తపు గొట్టానికో బిగించుకోవాలి. డయాలిసిస్ అయిపోయి గొట్టాలు విడదీసేటప్పుడు కూడా ఇదంతా మొదటి నుంచి మళ్లీ జరగాలి, మూతలు కొత్తవే వాడాలి. షిఫ్టు ముగిసే తొందరలో, తర్వాతి రోగి తలుపు దగ్గర నిలబడి ఉండగా, ఎక్కువగా కోత పడేది ఈ రెండో విడతకే.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ డయాలిసిస్ యూనిట్లకు సూచించిన ప్రధాన చర్యల్లో చివరలను రుద్ది శుభ్రపరచడం, ఎగ్జిట్ సైట్‌ను ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశకంతో శుభ్రం చేయడం, అక్కడ యాంటీమైక్రోబియల్ ఆయింట్‌మెంట్ రాయడంతో పాటు, సిబ్బంది ఇవన్నీ నిజంగా చేస్తున్నారో లేదో పక్కన నిలబడి గమనించడం కూడా ఉంది. ఖరీదైన మందులకంటే ఈ చివరి అంశమే ఎక్కువ ఫలితమిస్తుందనిపిస్తుంది, ఎందుకంటే పద్ధతి తెలియని యూనిట్ దాదాపు ఉండదు, రద్దీలో దాన్ని వదిలేసే యూనిట్లే ఎక్కువ. మాస్క్ లేకుండా మూత తీయబోతున్న సిబ్బందిని ‘ఒక్క క్షణం, మాస్క్ పెట్టుకోండి’ అని రోగి అడిగితే దాన్ని తప్పుపట్టడం అనే అలవాటు యూనిట్లలో పోవాలి. ఆ మాట అడిగే హక్కు రోగికి ఉందని మొదటి రోజే సిబ్బందే చెప్పి ఉంచితే మరీ మంచిది.

డయాలిసిస్ ముగిశాక క్యాథెటర్ ఖాళీగా ఉండదు. లోపల రక్తం గడ్డకట్టకుండా, యంత్రానికి రక్తాన్ని పంపేది, తిరిగి తెచ్చేది అయిన రెండు గొట్టాలనూ హెపారిన్‌తో గానీ 4 శాతం సిట్రేట్‌తో గానీ నింపి మూసేస్తారు. దీన్నే లాక్ అంటారు. ఒక్కో గొట్టంలో ఎంత ద్రవం పడుతుందో క్యాథెటర్ మీదే ముద్రించి ఉంటుంది, అది సాధారణంగా రెండు మిల్లీలీటర్లకు అటూఇటూగా ఉంటుంది. మిల్లీలీటరుకు 5000 యూనిట్ల హెపారిన్ వాడిన చోట రెండు గొట్టాల్లో కలిపి సుమారు 20,000 యూనిట్లు ఉంటుందన్నమాట. డయాలిసిస్ యూనిట్ సిబ్బందికి తెలుసు కనుక వారు ముందు ఆ ద్రవాన్ని సిరంజితో వెనక్కి లాగి పారేశాకే మొదలుపెడతారు. సంగతి తెలియని వేరే వార్డులో ఎవరైనా దీన్ని మామూలు సెలైన్ లైన్ అనుకుని ఇంజెక్షన్ చేస్తే ఆ హెపారిన్ అంతా ఒక్కసారిగా రక్తంలోకి పోయి తీవ్ర రక్తస్రావానికి దారితీయవచ్చు. రక్తపరీక్షల కోసమైనా, మందుల కోసమైనా డయాలిసిస్ క్యాథెటర్‌ను ఇతరులు ముట్టుకోకూడదన్న నియమం వెనక ఇన్ఫెక్షన్ భయంతో పాటు ఈ లెక్క కూడా ఉంది. ప్రాణాపాయ స్థితిలో వేరే దారి దొరకనప్పుడు వైద్యుడు తీసుకునే నిర్ణయం వేరు. అప్పుడు కూడా ముందు లాక్‌ను బయటకు తీయాల్సిందే. ఇన్ఫెక్షన్లు తగ్గించే లాక్ ద్రావణాలు కూడా వస్తున్నాయి. టౌరోలిడిన్, హెపారిన్ కలిసిన ఒక ద్రావణానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 నవంబర్‌లో పరిమిత వర్గం రోగుల కోసం అనుమతినిచ్చింది. అవి పద్ధతికి తోడు మాత్రమే, చేతులు కడుక్కోని లోటును ఏ ద్రావణమూ పూడ్చలేదు.

డ్రెస్సింగ్ విషయంలో నియమం తేలిక. గాజుగుడ్డ వేసినదైతే రెండు రోజులకొకసారి, పారదర్శక పొర అయితే ఏడు రోజులకు మించకుండా మార్చాలి. తడిసినా, అంచు లేచినా, మురికి పట్టినా గడువుతో పనిలేకుండా వెంటనే మార్చాలి. చాలా యూనిట్లు డయాలిసిస్‌కు వచ్చిన ప్రతిసారీ మారుస్తాయి. క్లోర్‌హెక్సిడిన్ రాశాక అది తనంతట తాను పూర్తిగా ఆరాలి. త్వరగా ఆరాలని ఊదితే నోటి క్రిములన్నీ అక్కడికే చేరతాయి. ఏ ఆయింట్‌మెంట్ పడితే అది రాయడమూ మంచిది కాదు, ఎందుకంటే కొన్ని క్రీముల్లోని పదార్థాలు, ఆల్కహాల్ కూడా, కొన్ని రకాల క్యాథెటర్ ప్లాస్టిక్‌ను క్రమంగా దెబ్బతీసి పగుళ్లు తెస్తాయి. ఏది వాడవచ్చో తయారీదారు సూచనలు చూసి యూనిట్ నిర్ణయించాలి.

ఇంట్లో రోగి చేయాల్సిన పనులకంటే చేయకూడనివే ఎక్కువ. మూతలు, క్లాంపులు తెరవకూడదు. డ్రెస్సింగ్ విప్పి చూసుకోకూడదు. డ్రెస్సింగ్ ఊడిపోయిన పక్షంలో చేతులు బాగా కడుక్కుని, యూనిట్ ఇచ్చిన శుభ్రమైన గాజుగుడ్డతో కప్పి, యూనిట్‌కు ఫోన్ చేయాలి. క్యాథెటర్ దగ్గర కత్తెర, రేజర్ వాడకూడదు. ఇబ్బంది ఎక్కువగా ఎదురయ్యేది స్నానం దగ్గరే. చెరువు, ఈతకొలను, టబ్ స్నానం పూర్తిగా మానేయాలి. నడుము కిందకు నీళ్లు పోసుకుని, పై భాగాన్ని తడిగుడ్డతో తుడుచుకోవడం అన్నిటికంటే క్షేమం. తల స్నానం వెనక్కి వంగి, నీళ్లు ఛాతీ వైపు రాకుండా ఇంకొకరి సాయంతో చేసుకోవచ్చు. ప్లాస్టిక్ కవర్ చుట్టి షవర్ కింద నిలబడితే చాలనుకుంటారు కానీ, కవర్ అంచు నుంచి జారిన నీరు డ్రెస్సింగ్ కిందే నిలిచిపోతుంది. సొరంగం బాగా మానిన పర్మ్‌క్యాథ్ ఉన్న కొందరికి ప్రత్యేక రక్షణతో షవర్‌కు యూనిట్లు అనుమతిస్తాయి, ఆ నిర్ణయం యూనిట్‌దే. దుస్తులు ముందు బొత్తాలున్నవైతే తల మీంచి లాగేటప్పుడు గొట్టం చిక్కుకోదు. నిద్రలో వేలాడే చివరలు ఒత్తుకోకుండా, లాగబడకుండా వాటిని చర్మానికి అంటించి ఉంచుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సినది జ్వరం. క్యాథెటర్ ఉన్న రోగికి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించి జ్వరం వచ్చినా, ఒళ్లు కుదిపేసే వణుకు వచ్చినా, వేరే కారణం తేలేదాకా క్యాథెటర్‌నే అనుమానించాలి. డయాలిసిస్ మొదలైన కొద్దిసేపటికే వణుకు పుట్టడం మరీ స్పష్టమైన గుర్తు, ఎందుకంటే గొట్టం లోపల దాగిన క్రిములను రక్తప్రవాహం అప్పుడే ఒక్కసారిగా ఒంట్లోకి తోస్తుంది. డయాలిసిస్ అయ్యాక వణుకు తగ్గిపోతే ‘యంత్రం పడలేదు’ అనుకుని ఇంటికి వెళ్లిపోయేవారున్నారు. ఆ రాత్రికే బీపీ పడిపోయి ఐసీయూలో చేరాల్సి రావచ్చు. వృద్ధుల్లో, మధుమేహం ఉన్నవారిలో జ్వరం లేకుండానే తికమక, బీపీ తగ్గడం, విపరీతమైన నీరసం మాత్రమే కనబడవచ్చు. ఎగ్జిట్ సైట్ శుభ్రంగా కనబడినంత మాత్రాన లోపల ఇన్ఫెక్షన్ లేదని అర్థం కాదు. పారాసిటమాల్ వేసుకుని తర్వాతి డయాలిసిస్ రోజు దాకా ఆగడం ఇక్కడ జరిగే తప్పుల్లో అతి ప్రమాదకరమైనది.

ఆసుపత్రిలో కూడా ఒక క్రమం తప్పనిసరి. యాంటీబయాటిక్ మొదటి మోతాదు ఇవ్వకముందే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిములను పెంచి చూసే పరీక్ష కోసం నమూనా, తీయాలి. మందు పడ్డాక తీసిన కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు, అప్పుడు ఏ మందు ఎన్నాళ్లు ఇవ్వాలో తేల్చే ఆధారమే పోతుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్ దొరికితే, లేదా సొరంగం వెంట చీము, వాపు, నొప్పి ఉంటే క్యాథెటర్‌ను ఉంచి చికిత్స చేయడం సాధారణంగా కుదరదు, తీసేయాల్సి వస్తుంది. తీసేశాక కూడా చికిత్స వారాల పాటు సాగుతుంది. జ్వరం తగ్గిన కొన్ని వారాలకు నడుము నొప్పి కొత్తగా మొదలై రోజురోజుకూ పెరుగుతుంటే అది వెన్నుపూసలో నిలిచిపోయిన ఇన్ఫెక్షన్ కావచ్చు. దాన్ని వయసు నొప్పిగానో కుర్చీలో కూర్చున్న నొప్పిగానో కొట్టిపారేయకుండా పాత కల్చర్ రిపోర్టుతో సహా వైద్యుడికి చెప్పాలి.

అరుదైనా నిమిషాల్లో ప్రాణం మీదికి తెచ్చేవి మరో రెండున్నాయి. మూత ఊడి క్లాంప్ కూడా తెరుచుకుంటే రక్తం కారడమే కాదు, కూర్చున్న మనిషి ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఏర్పడే ఒత్తిడి తేడాకు గాలి కూడా లోపలికి లాగబడుతుంది. వెంటనే క్లాంప్ మూయాలి. గొట్టమే పగిలితే పగిలిన చోటుకూ ఒంటికీ మధ్య మడిచి గట్టిగా నొక్కి పట్టాలి. ఆయాసం, ఛాతీ నొప్పి మొదలైతే రోగిని ఎడమవైపుకు, తల కిందుగా ఉండేలా పడుకోబెట్టి అత్యవసర వైద్యానికి తరలించాలి. రెండోది క్యాథెటర్ జారిపోవడం. పర్మ్‌క్యాథ్ కఫ్ తెల్లగా బయటకు కనబడితే అది సగం ఊడినట్టే, ఇక దాన్ని వాడకూడదు, లోపలికి తోయకూడదు. పూర్తిగా ఊడివస్తే రోగిని పడుకోబెట్టి శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కాలి. చర్మం మీది రంధ్రం ఛాతీ మీద ఉన్నా సిరకు పడిన రంధ్రం మెడ మొదట్లో, కాలర్ ఎముక పైన ఉంటుంది కాబట్టి అక్కడా ఒత్తిడి పెట్టాలి. సొరంగం వల్ల ఈ రెండు చోట్లూ వేరువేరుగా ఉంటాయన్న సంగతి రోగి కుటుంబాల్లో చాలామందికి తెలియదు.

రక్తం సరిగా రాకపోవడం ఇంకో తరహా సమస్య. వేసిన కొత్తలో అయితే గొట్టం మడతపడి ఉండవచ్చు, కొస చోటు తప్పి ఉండవచ్చు; నెలల తర్వాత అయితే గడ్డో, గొట్టం చుట్టూ పేరుకున్న ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రోటీన్) పొరో కారణమవుతుంది. రక్తాన్ని యంత్రానికి పంపే ఎర్ర గొట్టాన్ని, తిరిగి తెచ్చే నీలం గొట్టాన్ని తారుమారు చేసి ఆ రోజుకు పని కానిచ్చేయడం యూనిట్లలో మామూలే కానీ, అలా చేస్తే శుభ్రపడిన రక్తమే కొంత మళ్లీ యంత్రంలోకి పోయి డయాలిసిస్ నాణ్యత తగ్గుతుంది. ఒక రోజుకు సర్దుకోవచ్చు. వరసగా జరుగుతుంటే గడ్డ కరిగించే మందు ఇవ్వడమో, క్యాథెటర్ మార్చడమో చేయాలి. ఛార్టులో రక్తప్రవాహం అంకె వారం వారం తగ్గుతూ వస్తోందేమో రోగి బంధువులు కూడా గమనించవచ్చు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా క్యాథెటర్ ఉన్న ప్రతి అదనపు వారం ముప్పును పెంచుతూనే ఉంటుంది. ఫిస్టులా పద్ధతిని న్యూయార్క్ వైద్యులు 1966లో ప్రకటించారు. ఆ తర్వాత ఎన్ని కొత్త పరికరాలు వచ్చినా సాధ్యమైన రోగుల్లో దాని స్థానం చెక్కుచెదరలేదు. కాబట్టి పర్మ్‌క్యాథ్ వేసిన రోజునే దాన్ని ఎప్పుడు, దేనితో మార్చబోతున్నారో రాసి పెట్టుకోవాలి: ఫిస్టులా శస్త్రచికిత్స తేదీ, సిరల అల్ట్రాసౌండ్, పొట్ట లోపలి పొర ద్వారా చేసే పెరిటోనియల్ డయాలిసిస్ వీలవుతుందా, కిడ్నీ మార్పిడి ఎంత దూరంలో ఉంది. ఈలోగా ఫిస్టులా కోసం ఎంచుకున్న చేతిలో సూదులు గుచ్చనివ్వకూడదు, రక్తం తీయాలంటే అరచేతి వెనకభాగం వాడుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారి చేతుల్లో పిక్ లైన్లు, అంటే చేతి సిర గుండా గుండె దగ్గరి దాకా వేసే సన్నని గొట్టాలు, వేయకపోవడమే మేలు. అయితే అందరినీ ఒకే గాటన కట్టడానికి వీల్లేదు. గుండె బాగా బలహీనపడినవారు, సిరలన్నీ పాడైపోయినవారు, కొద్ది నెలల్లో మార్పిడి ఖాయమైనవారు, శస్త్రచికిత్సల బాధ వద్దనుకునే వృద్ధులు క్యాథెటర్‌తోనే కొనసాగడం సబబైన నిర్ణయమే. 2019 మార్గదర్శకాలు కూడా రోగి జీవిత ప్రణాళికను బట్టి ఎంచుకోమనే చెబుతున్నాయి. తప్పు ఎక్కడంటే, ఎవరూ నిర్ణయించకుండానే క్యాథెటర్ ఏళ్ల తరబడి కొనసాగిపోవడంలో ఉంది.

ఫిస్టులాలో రెండు సూదులతో వరసగా కొన్ని డయాలిసిస్‌లు సాఫీగా జరిగాక క్యాథెటర్ తీసేస్తారు. ఇంకొన్నాళ్లు ‘ఎందుకైనా మంచిదని’ ఉంచుకోవాలని రోగులే అడుగుతుంటారు, వాడని క్యాథెటర్‌లోనూ బయోఫిల్మ్ పెరుగుతుందని వారికి వివరించాలి. తాత్కాలికమైనదైతే రోగిని పడుకోబెట్టి, ఊపిరి బిగపట్టమనో వదలమనో చెప్పి తీస్తారు. లోపలికి పీల్చే క్షణంలో తీయరు. పర్మ్‌క్యాథ్‌కైతే కఫ్‌ను కణజాలం నుంచి విడదీయాలి గనుక అక్కడ మత్తుమందు ఇచ్చి చిన్న కోత పెట్టాల్సి రావచ్చు. తీసిన చోట కనీసం పది నిమిషాలు నొక్కి పట్టి, గాలి చొరబడని డ్రెస్సింగ్ వేసి, రోగిని కొంతసేపు పడుకోబెట్టి ఉంచుతారు. ఆ డ్రెస్సింగ్‌ను ఒక రోజు దాకా విప్పకూడదు. తర్వాతి వారాల్లో జ్వరం వస్తే మాత్రం, క్యాథెటర్ లేకపోయినా, అది ఫలానా తేదీ దాకా ఉండేదని వైద్యుడికి చెప్పాలి.